వదిన కొంగుముడి

ముప్పై ఏళ్లుగా ఒక మాట నా గుండెల మీద కూర్చుని ఉంది. దించుకుందామని ఎన్నోసార్లు నోరు తెరిచాను. ఎదుటివారి ముఖం చూడగానే మూసుకున్నాను. మీ ముఖం నాకు కనబడదు. అందుకే మీకు చెబుతున్నాను. మా నాన్న వీధిబడి నడిపేవారు కనుక నాకు నాలుగు అక్షరాలు వచ్చు. అవి ఇందుకు పనికొస్తాయని ఆయన అనుకుని ఉండరు.

పాలకొల్లుకు దగ్గర్లో, కాలవ గట్టున మా ఇల్లు. నేను, నా భర్త, ఐదేళ్ల మా సీతాలు. తర్వాత నా భర్తకు అక్క, రత్తమ్మ వదిన వచ్చింది. మొగుడు పోయి, పిల్లలు లేక మా పంచన చేరింది. వచ్చిన రోజునే నాకు నచ్చలేదు. ఎందుకు? ఇప్పుడు ఎంత తరచి చూసుకున్నా సరైన కారణం దొరకదు. సీతాలు నిద్ర లేస్తూనే ‘అత్తా’ అని పిలవడం మొదలుపెట్టింది. అదే కావచ్చు.

కొన్నాళ్లకు పిల్ల తిండి దగ్గర పేచీ పెట్టసాగింది. పప్పు వేస్తే పప్పు వద్దు. వంకాయ కూర వేస్తే అదీ వద్దు. అంతకుముందు ఇష్టంగా తిన్నవే. నాలుగు ముద్దలు మింగి విస్తరి తోసేసేది. బుజ్జగించాను, బెదిరించాను, ఒకసారి వీపు మీద కొట్టాను కూడా. పిల్ల చూపు మాత్రం వదిన వైపు వెళ్లేది. వదిన తల దించుకునేది. ఆ చూపుల మధ్య ఏదో నడుస్తోందనుకున్నాను. నా వంట బాగోలేదని నూరిపోస్తోందా? నా చేతి అన్నం మాన్పించి పిల్లను తన వైపు తిప్పుకుంటోందా? ఆమె ఎక్కడ నిలబడింది, ఎంతసేపు నిలబడింది, పిల్ల చెవిలో ఏమంది, అన్నీ కనిపెట్టి చూసేదాన్ని. ఆమె కొంగు చివర ఎప్పుడూ ఒక చిన్న ముడి ఉండేది. అందరూ లేచాక ఆమె కూర్చుని పిల్ల వదిలిన అన్నం తినేది. అందులోనూ నాకు తంత్రమే కనబడింది.

ఇక్కడ ఒక సంగతి దాటేయాలని ఉంది. దాటేయను. ఆమె వచ్చాక నేను ఎసట్లో బియ్యం పెంచలేదు. మా ముగ్గురికి పోసినట్టే పోశాను. చివర కూర్చునే మనిషికి ఏం మిగులుతుందో నాకు తెలుసు.

ఒక మధ్యాహ్నం సీతాలు మళ్లీ విస్తరి తోసేస్తే, దీనికేమైందని నా భర్త విసుక్కున్నారు.

“మీ అక్కగారిని అడగండి. కొంగుముడి విప్పి అన్నంలో ఏదో కలుపుతున్నారండీ. నా కళ్లతో చూశాను” అన్నాను.

చూడలేదు. ముడి చూశాను. విప్పడం ఏనాడూ చూడలేదు.

వదిన ముడి విప్పి ఆయన ముందు పెట్టింది. రెండు ఎండు ఉసిరి ముక్కలు. ఆకలి తెలియకుండా బుగ్గన పెట్టుకుంటానని మెల్లగా చెప్పింది. ఆకలేమిటన్నట్టు ఆయన నా వైపు తిరిగారు. ఆయన అడగకముందే నేను అందుకున్నాను. పిల్లకు పెట్టే మందు అయిపోయాక ఇవి కట్టుకుని ఉంటుందన్నాను.

మర్నాడే ఆమెను మొగల్తూరులోని దూరపు చుట్టాల ఇంటికి పడవ ఎక్కించారు. శాపనార్థాలు పెడుతుందేమోనని గట్టు మీద నిలబడి చూశాను. ఆమె ఏమీ అనలేదు. అదీ నాకు అనుమానంగానే తోచింది.

సీతాలు రెండు రోజులు ఏడ్చింది. మూడో రోజు నుంచి విస్తరి ఊడ్చినట్టు తినసాగింది. పప్పు, వంకాయ, పులుసు, ఏది వేస్తే అది. మందు విరిగిందని ఊళ్లో అందరూ చెప్పుకున్నారు. నువ్వు కనిపెట్టబట్టి పిల్ల దక్కిందని నా భర్త మెచ్చుకున్నారు. నేనూ నమ్మాను. కొద్ది రోజులే నమ్మాను. ఒకనాడు భోజనమయ్యాక పిల్ల చేయి కడుగుతూ అడిగాను.

“ఇన్నాళ్లూ ఎందుకు తినలేదే?”

“నేను తినేస్తే అత్తకి ఉండేది కాదు.”

“వదిలెయ్యమని అత్త చెప్పిందా?”

“లేదమ్మా. తినమనే చెప్పేది. నేనే వద్దనేదాన్ని. అత్త ఎప్పుడొస్తుంది?”

మొదట ఏమనుకున్నానో తెలుసా? ఈ మాటలు కూడా ఆమె నేర్పి వెళ్లినవే అనుకున్నాను. అలా అనుకోవడం నాకు అవసరమైంది. అత్త పేరు ఇంట్లో ఎత్తొద్దని పిల్లను గదిమాను. ఆ సాయంత్రం నా భర్తకు ఒక్క మాట చెబితే పడవ వెళ్లి ఆమెను తెచ్చేది. ఎందుకు చెప్పలేదు? ఊళ్లో తలెత్తుకోలేననా? లేక ఆమె లేని ఇల్లు నాకు సుఖంగా ఉందనా? రెండూనేమో. మూడో ఏట ఆమె పోయిందని కబురొచ్చింది. నా భర్త తలస్నానం చేశారు, కన్నీరు పెట్టలేదు. ఆయనా అదే నమ్మకంతో పోయారు.

సీతాలు అంతా మరిచిపోయింది. ఇప్పుడు నలుగురిలో తనే చెబుతుంది, చిన్నప్పుడు మా అత్త నాకు మందు పెట్టిందట, మా అమ్మ లేకపోతే బతికేదాన్ని కాదట అని. నేను పక్కనే కూర్చుని వింటాను. ఐదేళ్ల వయసులో అది చేసిన మంచి పనిని దాని దగ్గర నుంచి కూడా దొంగిలించాను. దానికి చెప్పే ధైర్యం ఈ రోజుకీ లేదు. రేపు వస్తుందని మీకు మాట ఇవ్వను. నన్ను క్షమించమని అడగను కూడా. అడగవలసిన మనిషి లేదు. అయినా ఇది రాస్తుంటే ఊపిరి కాస్త ఆడుతోంది.

రత్తమ్మ వదిన నా బిడ్డకు ఏ మందూ పెట్టలేదు. నేనే ఆమెకు కడుపు నిండా అన్నం పెట్టలేదు.