పాట బంద్ చేసిన మైక్‌సెట్ చాచా

చాచా చనిపోయాడన్న కబురు మొదట నాకు ఒక్క ముక్క కూడా వినపడలేదు. నాగర్‌కర్నూలులో మా ఇంటి గోడకు చెమ్మ పట్టిందని మేస్త్రీని పిలిపించాను. అతను డ్రిల్లింగ్ మిషన్‌తో పాత గిలాబు పెచ్చులు రాలగొడుతున్నాడు. దానికి తోడు కింది వాటాలో కొత్తగా దిగిన మొగుడూ పెళ్ళాల టీవీ. మధ్యాహ్నం ఒంటిగంట కాగానే చెవులు చిల్లులు పడేలా పాటలు. ఏంది ఈ లొల్లి అని వారం కింద వెళ్ళి తలుపు కొడితే ఆ పిల్ల మండుటెండలో మెడకు చున్నీ చుట్టుకుని వచ్చి, "ఆయనకు పాటలంటే పానం అక్కా" అంది. జర తగ్గించుకోండి అని కసిరి వచ్చాను.

ఆ చప్పుళ్ళ మధ్య వనపర్తి నుంచి అమ్మ ఫోనులో ఏదో అరుస్తోంది. "ఆపవయ్యా సామీ, నీకు దండం పెడతా!" అని మేస్త్రీ మీద గయ్యిమన్నాక వినబడింది.

"చాచా పోయిండు బిడ్డా. పొద్దుగాల చాయ్ తాగుకుంటనే కూలబడ్డడు."

చాచా మాకు చుట్టం కాడు. పక్కింటాయన. మైక్‌సెట్లు కిరాయికి ఇచ్చేవాడు. పెళ్ళికైనా, బోనాలకైనా, పీర్ల పండక్కైనా మా వీధికి ఆయన డబ్బాలే మోగాలి. పని లేని రోజుల్లో టేపురికార్డర్లు బాగుచేసేవాడు. క్యాసెట్‌లో రీలు తెగితే మా ఇంటికొచ్చి, "చెల్లె, జర గోళ్ళరంగు ఉంటే ఇయ్యరాదు" అని అమ్మను అడిగి, ఆ రంగు చుక్కతో రీలు అతికించేవాడు. "మిషను తప్పు చెయ్యదు బిడ్డా, మనమే వైరు తప్పు గుచ్చుతం" అనేవాడు నాతో. పాన్‌గల్ దగ్గర ఓ పెళ్ళిలో పిల్లవాడివైపు వాళ్ళు ఒక పాట, పిల్లవైపు వాళ్ళు ఒక పాట పెట్టమని నడుమ ఆయన చొక్కా గల్లా పట్టుకున్నారట. "రెండు పాటలు పెట్టిన, రెండు దిక్కుల తన్నులు తిన్న" అని చెప్పి చెప్పి నవ్వేవాడు.

ఇక మా నాన్న సంగతి. అది దాచి చాచా సంగతి చెప్పడం నావల్ల కాదు.

నాన్న పల్లీల మిల్లులో గుమాస్తా. తాగడు. బీడీ కూడా ముట్టడు. బజారులో అందరికీ మర్యాదస్తుడు. మధ్యాహ్నం అన్నానికి వచ్చి, తలుపు గడియ పెట్టి, అమ్మను కొట్టేవాడు. పప్పులో ఉప్పు తగ్గినా, నీళ్ళ చెంబు ఆలస్యమైనా సరే. జుట్టు చేతికి చుట్టుకుని తలను గోడకేసి బాదేవాడు. ఆ గోడకు అవతలే చాచా దుకాణం.

గడియ పెట్టే ముందు గడపలోంచి తల బయటపెట్టి, "అన్నా, జర మంచి పాట పెట్టరాదు!" అని కేకేసేవాడు. చాచా పెట్టేవాడు. గట్టిగా. లోపల ఏం జరుగుతోందో ఆయనకు తెలుసు, వీధిలో సగం మందికి తెలుసు. ఆడమనిషి ఏడుపు బజారున పడితే ఆ ఇంటి ఇజ్జత్ పోతుందని, దాన్ని కాపాడటం పక్కింటివాడి ధర్మమని మా వీధి నమ్మకం. దెబ్బలు ఆపాలని ఎవరికీ తోచలేదు గానీ చప్పుడు కప్పాలని తోచింది. అమ్మ కూడా పెదవి మీది నెత్తురు తుడుచుకుంటూ, "చాచా మంచోడే, బజార్ల మన మానం కాపాడ్తుండు" అనేది. తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్ళు మండుతుంది.

ఇలా ఆరేళ్ళు. నేను ఐదో తరగతిలో ఉండగా వానలకు ముందు ఒక రోజు వచ్చింది. మావి మట్టి మిద్దెలు. కారకుండా ఉండాలంటే ఏటా పైన చౌడు మట్టి పరిచి తొక్కాలి. మాకూ చాచాకూ మిద్దె ఒకటే కాబట్టి ఆ పని కలిసే చేసుకునేవాళ్ళం. "మీ దిక్కు కారితే నా దిక్కు ఊకుంటదా చెల్లె" అంటూ ఆయన పైకెక్కాడు. పని చేస్తూ వినడానికి కింద దుకాణంలో పాట గట్టిగా పెట్టి మరీ ఎక్కాడు. అమ్మ గంపలు అందిస్తూ ఉండిపోయింది. నాన్న వచ్చేసరికి అన్నం చల్లారింది.

నాన్న గడియ పెట్టి, మూలనున్న రోకలి అందుకున్నాడు. అమ్మ చెయ్యి అడ్డం పెట్టింది. వేళ్ళు విరిగిన చప్పుడు అంత పాటలోనూ నాకు వినబడింది. రెండో దెబ్బ నెత్తిన పడింది. నేను నాన్న పిక్క పట్టుకుని నోట్లోకి నెత్తురొచ్చేదాకా కొరికాను. కాలు విదిలిస్తే పోయి గోడకు పడ్డాను. ఆయన మూడోసారి రోకలి ఎత్తాడు. అమ్మ చచ్చిపోతుందని అప్పుడు అనుకున్నాను.

మిద్దెకు వెలుతురు కోసం వదిలే గవాచిలో చాచా మొహం కనిపించింది. ఆరేళ్ళుగా విన్నదాన్ని ఆయన మొదటిసారి కళ్ళతో చూశాడు. నోరు తెరిచి అరిచాడు. నాకు మాట వినపడలేదు. వీధి వైపు తిరిగి అరిచాడు. ఒక్కరూ తలెత్తలేదట. ఆయన కేకను ఆయన డబ్బానే మింగేసింది.

గంపెడు చౌడు మట్టి గవాచిలోంచి నాన్న నెత్తిన పడింది. కళ్ళు కనపడక, బూతులు తిడుతూ, రోకలి ఎటుపడితే అటు తిప్పాడు. నీళ్ళ కుండలు పగిలాయి. అంతలో పాట ఠక్కున తెగింది. చాచా నిచ్చెన దిగి దుకాణంలో వైరు పీకేశాడు. అమ్మ ఏడుపు మొదటిసారి బజారులో పడింది.

"పాట బంద్! ఇగ ఇనుండ్రి!" అని చాచా నడివీధిలో గొంతు చించుకున్నాడు.

జనం ఉరికి వచ్చారు. చాచా ఇనుప మైక్‌స్టాండుతో గడియ విరగ్గొట్టి లోపలికి వచ్చాడు. రోకలి ఆయన భుజం మీద పడింది, మైక్‌స్టాండు నాన్న మూతి మీద పడింది. రెండు పళ్ళు రాలాయి. సంతోషించానా అంటే, సంతోషించాను. ఈ వయసులో అబద్ధమెందుకు.

అమ్మ ఇంకా దవాఖానలో ఉండగానే నాన్న నలుగురిని వెంటబెట్టుకొచ్చి దుకాణం పగలగొట్టించాడు. డబ్బాలు పచ్చడి చేశారు, క్యాసెట్ల రీళ్ళు రోడ్డంతా పీకి పోశారు. "నా పెండ్లాంతోటి పరాయోనికేం పని?" అని నాన్న రంకెలేస్తుంటే ఎదురింటి అవ్వ చీపురు పట్టుకుని వచ్చింది. "థూ నీ బతుకు! మేమందరం ఇన్నంరా!" అంది. ఆయనతో వచ్చినవాళ్ళు ఒక్కొక్కరే జారుకున్నారు.

కట్టు కట్టిన భుజంతో చాచా రోడ్డు మీద కూర్చుని పెన్సిలుతో రీళ్ళు చుట్టాడు. నేనూ చుట్టాను. "పాటలన్నీ పోయినయి చాచా" అని ఏడిస్తే, "పోనీ బిడ్డా, ఈటికి నెత్తురంటింది" అన్నాడు.

దుకాణం మళ్ళీ తెరిచాక మా ఇంట్లో నాన్న గొంతు పెరిగితే చాలు, చాచా పాట నడిమధ్యలో ఆపేసేవాడు. వీధిలో తలుపులు తెరుచుకునేవి. ఎత్తిన చెయ్యి అట్లాగే ఆగేది. ఏడాది తిరక్కుండా నాన్న గద్వాల దిక్కు వెళ్ళిపోయాడు, మళ్ళీ రాలేదు. మేం వెతకలేదు.

నాకు ఉద్యోగం వచ్చినప్పుడు స్వీటు డబ్బాతో వెళ్ళి, నీ వల్లే బతికినం చాచా అన్నాను. ఆయన తలొంచుకున్నాడు. "గట్లనకు బిడ్డా. ఆరేండ్లు మీ నాయిన ఒక్కడే కొట్టలే. నేను గూడ కొట్టిన. గడియ ఆయన పెట్టిండు, పాట నేను పెట్టిన."

కాదనాలనిపించలేదు. "ఔ చాచా, కొట్టినవ్" అన్నాను. చాలాసేపు ఏడ్చాడు. తర్వాత కళ్ళు తుడుచుకుని, "గింత నిజం మొకం మీదనే చెప్తివి, జర చాయన్న తాగిపో" అన్నాడు. ఆ చాయ్ అంత ఇష్టంగా నేను ఎక్కడా తాగలేదు.

బిజినేపల్లి మీదుగా బస్సు పట్టుకుని వనపర్తి చేరేసరికి చాచా జనాజా లేచింది. అమ్మ వంకరపోయిన రెండు వేళ్ళతో కొంగు పట్టుకుని నడివీధిలో నిలబడి గొంతెత్తి ఏడ్చింది. ఎవరూ ఊరుకోమనలేదు.

మర్నాడు ఇంటికొచ్చాను. మేస్త్రీ మళ్ళీ మిషను పెట్టాడు. ఒంటిగంటకు కింద బండి ఆగింది, తలుపు పడింది, టీవీ పాట పెద్దదైంది. వారం కింద ఎండలో మెడకు చుట్టిన ఆ చున్నీ గుర్తొచ్చింది. చాచా, నేను గూడ తగ్గించుకొమ్మనే చెప్పొచ్చిన గదనే!

మెట్ల కింద మీటర్ల దగ్గరికి ఉరికి మెయిన్ స్విచ్ కిందికి గుంజాను.

మిషను ఆగింది. టీవీ ఆగింది. "అక్కా, కరెంటు పోయింది!" అని పైనుంచి మేస్త్రీ కేకేశాడు. ఆ వెంటనే తలుపు వెనక ఆ పిల్ల ఏడుపు అందరికీ వినబడింది. ఎదురు వాటా తలుపు తెరుచుకుంది, దాని పక్కది తెరుచుకుంది. మేస్త్రీ సుత్తె చేతపట్టుకుని మెట్లు దిగుతున్నాడు.

"కరెంటు పోలే. నేనే తీసిన" అన్నాను. "పాట బంద్. ఇగ ఇనుండ్రి."