కుంభారి బస్సెక్కిన ఓడ

నిరుడు వానలు మొదలైన నెలలో, షోలాపూర్ జోడ్‌భావి పేట్‌లో, పవర్‌లూమ్ కార్ఖానా మీది గదిలో నా ఓడ నడిసముద్రాన ఆగిపోయింది.

నా వృత్తి చారిత్రక నవలలు రాయడం. అందులోనూ సముద్రం కథలు: పాత రేవులు, తెరచాప ఓడలు, ఖలాసీలను నడిపించే సరంగులు. ఏడు సముద్రాలూ తిరిగొచ్చి రాస్తున్నానని పాఠకులకు చాలాసార్లు చెప్పుకున్నాను. నిజానికి సముద్రాన్ని చూసింది ఒక్కసారే, ముంబైలో. అల దగ్గరికి రాగానే చెప్పులు తడుస్తాయని వెనక్కి జరిగాను. మిగతాదంతా రీసెర్చ్, అంటే గ్రంథాలయాల్లో దుమ్ము దులిపి ఏరుకున్నది.

అప్పుడు ఒక వారపత్రికకు సీరియల్ రాస్తున్నాను. మచిలీపట్నం నుంచి బట్టల మూటలతో వెళ్లిన ఓడ ఇంటిదారి పట్టింది. సరంగు పేరు వీరన్న. సీరియల్‌లో ప్రతి భాగం చివరా క్లిఫ్‌హ్యాంగర్ ఉండాలి, అంటే పాఠకుణ్ణి అంచున నిలబెట్టి మనం వెళ్లిపోవాలి. నేనొక భాగం చివర గాలి ఆపేశాను. తెరచాపలు వేలాడిపోయాయి. తర్వాతి భాగంలో గాలి లేపుదామని కూర్చుంటే లేవలేదు.

ఆ రోజుల్లోనే కింద కార్ఖానా మూతపడింది. మగ్గాలు విప్పి, తుక్కు కింద టెంపోల్లో వేసుకుపోయారు. చప్పుడు పోయింది, ఇక హాయిగా రాసుకోవచ్చనుకున్నాను. కాగితం ముందు కూర్చుంటే ఫ్యాను చప్పుడు, నా ఊపిరి తప్ప ఏమీ వినపడలేదు. నా భార్య పోయినప్పుడు కూడా ఆ గది అంత బోసిపోలేదు. అప్పుడు కింద మగ్గాలుండేవి.

ముందుగా పంపిన భాగాలు కూడా అయిపోయాక పత్రికవాళ్లు ‘రచయితకు అస్వస్థత’ అని వేశారు. అది తెలిసి ఒకామె మెట్లెక్కి వచ్చింది. యాభై దాటిన మనిషి, వేళ్ల కొసలకు తునికాకు మరక. పేరు నర్సవ్వ. ఊరవతల కుంభారి కాలనీలో ఉంటుంది, ఇంట్లోనే బీడీలు చుడుతుంది.

“జరం తగ్గిందా సారూ?”

“గుండె జబ్బమ్మా,” అన్నాను ఛాతీ మీద చెయ్యి వేసుకుని. “డాక్టర్లు చేతులెత్తేశారు.”

ఆమె బల్ల మీద సగం ఖాళీ అయిన పొట్లం వైపు చూసింది. “భజ్జీలు తినుమని చెప్పిండ్రా డాక్టర్లు?”

జబ్బేమీ లేదని ఒప్పుకున్నాను.

“మరి ఓడ ఎందుకు బంద్ పెట్టిండ్రు?”

“లిస్బన్ నుంచి పాత పటాలు రావాలమ్మా. రీసెర్చ్.”

ఆమె గడప పక్కన కూలబడింది. “మా ఆయన అంబాదాస్‌కు మగ్గాల కాడనే చెవులు పోయినయ్. పని పోయినంక నోరు గూడ పోయినట్టే. గోడకు మొకం పెట్టి పంటడు. మీ కథ వచ్చిన దినమే లేస్తుండె. నాకు సదువు రాదు గద, నేను బీడీలు చుట్టుకుంట కూసుంటే జోరుగ సదువుతుండె. ఇప్పుడు అది గూడ లేదు. ఇంట్ల మనిషి గొంతు విని ఎన్నిదినాలాయెనో. ఆ ఓడను జర కదిలియ్యుండ్రి సారూ.”

ఇక అబద్ధం నాలుక మీద నిలవలేదు. “పటాలూ లేవు, ఏమీ లేవు నర్సవ్వా. కింద మగ్గాలు ఆగినప్పటి నుంచి నాకు సముద్రం వినపడటం లేదు. ఆ చప్పుడు వింటూనే నేను అలలు రాసేవాణ్ణి.”

ఆమె పకపకా నవ్వింది. “గదే అంటుండె మా ఆయన! ‘ఈ సారు సముద్రంల తుఫాన్ ఏ దినమన్న లేస్తది గని, మన కార్ఖాన సుట్టీ రోజు మాత్రం లేవది’ అని. కింద ఖిడికి పక్కన మగ్గాలు ఆయన నడిపినయే సారూ. నేను బువ్వ డబ్బ తెచ్చినప్పుడల్ల మీ గది దిక్కు చెయ్యి చూపెట్టి నవ్వుతుండె.”

ఆమె వెళ్లాక నా పాత నవలలు తిరగేశాను. ఓడ దినచర్య పుస్తకంలోలాగా ప్రతి అధ్యాయం మీదా సోమవారమో మంగళవారమో వేయడం నా అలవాటు. నేను ఏ వారం రాస్తే కథలోనూ అదే వారం. యుద్ధాలు, తుఫాన్లు అన్నీ మగ్గాలు ఆడిన రోజుల్లోనే. కార్ఖానా సెలవు రోజున ప్రతి నవలలోనూ సముద్రం అద్దంలా ఉంది. నా గాలిని నడిపిన మనిషి నా కాళ్ల కిందే ఉంటే, కిటికీలోంచి ఒక్కసారి తొంగి చూడలేదు నేను.

మర్నాడు తెల్ల కాగితాలూ, చివరి భాగం అచ్చయిన సంచికా పట్టుకుని కుంభారి బస్సెక్కాను.

అంబాదాస్ మంచం మీద గోడవైపు తిరిగి ఉన్నాడు. నర్సవ్వ భుజం తట్టింది. గొంతు లేకుండా పెదవులతో, వేళ్లతో నా గురించి చెప్పింది. మగ్గాల హోరులో పనివాళ్లు మాట్లాడుకునే పద్ధతి అది.

“ఓడ తెచ్చిండ్రా?” అని అరిచాడు. పక్కింటివాళ్లు తొంగి చూశారు.

లేదని తల ఊపి, పాత భాగమే చేతికిచ్చాను. లేచి కూర్చుని చదవడం మొదలుపెట్టాడు. అది చదవడం కాదు, కేక. చదువుతుంటే మడమ మంచంకోడును తన్నుతోంది, కుడిచెయ్యి మగ్గంలో షటిల్ లాగా అటూ ఇటూ పోతోంది. ఆ దెబ్బ నాకు తెలుసు, ఇన్నేళ్లూ నా గది నేల కింద విన్నదే. మూలన కూర్చుని నేను రాయడం మొదలుపెట్టాను.

ఆ ఒక్క రోజులో ఓడ రేవు చేరిందనీ, అంబాదాస్ గంటసేపు కబుర్లు చెప్పాడనీ రాస్తే బాగుంటుంది. రాయగలిగింది ఒక్క పేజీ. వీరన్న బుగ్గకు కాస్త గాలి తగిలింది, అంతే. అంబాదాస్ దాన్ని చదివి, కాగితం నాకిచ్చి, మళ్లీ గోడవైపు తిరిగాడు. నేను చెప్పులు తొడుక్కుంటుంటే తిరగకుండానే అరిచాడు: “మళ్ల వారం?”

ఈ వృత్తి ఒంటరిదని సభల్లో గొప్పగా చెప్పేవాణ్ణి. అది నేనే తెచ్చిపెట్టుకున్న ఒంటరితనమని ఆ మంచంకోడు దగ్గర తెలిసింది. తెలిసినంత మాత్రాన అది పోదు. తిరిగొచ్చి తాళం తీస్తే గది అలాగే ఉంది.

వారం వారం వెళ్తున్నాను. ఓడకు ఇప్పుడు రేవు దీపాలు కనిపిస్తున్నాయి. ఇంకా ఎన్నాళ్లని ఎడిటర్ అడిగితే, తీరం దగ్గర ప్రవాహాల గురించి పెద్ద ఉపన్యాసమిచ్చాను.

మొన్న నర్సవ్వ బీడీకి దారం చుడుతూ అడిగింది. “ఓడ గట్టుకు వచ్చినంక మీరు రారు గద సారూ?”

“చాలా పనులున్నాయమ్మా. మూడు నవలలు అడ్వాన్సు తీసుకుని కూర్చున్నాను,” అన్నాను.

ఆమె నా వైపు చూసింది, ఆ రోజు భజ్జీల పొట్లాన్ని చూసినట్టే.

“ఒక్కటీ లేదు,” అన్నాను.

ఆ వారం ఎదురుగాలి లేపాను.