ఆఫీసరు గారు తెల్లబోయిన రోజు

ఒక బొమ్మిడాయి చేపల పులుసు, ఒక కొత్త పట్టుచీర, ఒక ఆఫీసరు గారి నల్లటి మీసం, చేతికి అందబోతున్న ఒక ప్రమోషను... వీటన్నిటినీ ఒక్క దెబ్బకు గంగలో కలిపిన మొనగాడు ఎవడైనా ఉన్నాడా అని అడిగితే, ఇదిగో, నేనే. తుపానుకైనా అంత నష్టం చేయడానికి ఒక పూట పడుతుంది. నాకు ఒక పిడి నొక్కినంతసేపు పట్టింది. నవ్వేవాళ్ళు దగ్గరికొచ్చి కూర్చోండి. జాలిపడేవాళ్ళూ కూర్చోండి, కాసేపటికి మీరూ అటే చేరతారు.

నా పేరు పెంచలయ్య. అప్పట్లో తోటపల్లి గూడూరు మండలంలో, సముద్రం హోరు వినపడేంత దగ్గర్లో ఉన్న హైస్కూల్లో అటెండరుగా ఉండేవాణ్ణి. మా నాయన చేపల వేటకు పోయేవాడు. నాకేమో పడవ ఎక్కితే వాంతులు. అందుకని గట్టు మీదే గంట కొట్టుకునే ఉద్యోగంలో కుదురుకున్నాను. గదుల తాళాలు తీయడం, గంట కొట్టడం, కుర్చీలు వేయడం, టీ తేవడం... బడి అనే బండికి నేనే ఇరుసునని నా నమ్మకం. మా ఆవిడ సుజాత మాత్రం, "ఇరుసు గాదులే, ఇరుసుకు పూసే కందెన" అనేది.

మా అయ్యవార్లకు ఏడాది పొడుగునా ఏదో ఒక ట్రైనింగు ఉండేది. పోయేవాళ్ళు, కొత్త సంచీ భుజాన వేసుకుని వచ్చేవాళ్ళు. ఆ సంచీలు చూసి నేను లోలోపల కుళ్ళుకునేవాణ్ణి. అట్లాంటిది ఒకరోజు మా హెడ్‌మిస్ట్రెస్ విజయలక్ష్మి మేడం నన్ను పిలిచింది.

"పెంచలయ్యా, ఈసారి ట్రైనింగు నీకే."

"ఎన్ని కుర్చీలు వేయమంటారు మేడం?"

"వేయడం కాదయ్యా, కూర్చోవడం! అటెండర్లు, ఆయాలు, వాచ్‌మన్లు, వంటవాళ్ళు, అందరికీ నెల్లూరులో శిక్షణ ఇస్తున్నారు. మన బడి తరఫున నువ్వు పో."

నా సర్వీసులో నాకు ఎవరైనా ఏదైనా నేర్పాలనుకోవడం అదే మొదటిసారి. ఇంటికి వెళ్ళి చెబితే సుజాత కూడా నమ్మలేదు.

"నిజంగా నిన్నే పిలిచినారా? పేరు సరిగ్గా చూసుకున్నావా?"

"నన్నేనే. నేర్చుకున్నాక వచ్చి మన బడికంతా నేనే నేర్పాల."

తెల్లారేసరికి ఆ సంగతి వీధి వీధంతా తెలిసిపోయింది. నేను నెల్లూరు బస్సెక్కుతుంటే, కలెక్టరు చదువుకు పోతున్నంత మర్యాద చేసి సాగనంపారు.

ఇక ట్రైనింగు సంగతి. పెద్ద హాలు, మెత్తటి కుర్చీలు, ప్రతివాడి ముందూ నీళ్ళ సీసా. కూర్చున్నాను. కానీ అయ్యా, అమ్మా, అటెండరు నడుముకు కూర్చోవడం అలవాటుండదు! వేదిక మీద సారు ఒకసారి దగ్గాడు. నేను ఉలిక్కిపడి లేచి మంచినీళ్ళు తీసుకుపోయి ఇచ్చాను. ఎవరో తలుపు తోశారు. లేచి తీశాను. క్లాసు అయిపోవచ్చేసరికి నా చెయ్యి దానంతటదే గంట కోసం గాల్లో వెతకసాగింది. నా పక్కన బోగోలు నుంచి వచ్చిన మస్తానమ్మ అనే ఆయా కూర్చుని ఉంది. ఆమె చూసి చూసి విసుక్కుంది.

"ఏందన్నా, కుర్చీలో మేకులుండాయా?"

"అలవాటమ్మా."

"మనల్ని కూర్చోబెట్టేదే ఎప్పుడో ఒకనాడు. హాయిగా కూర్చోరాదా?"

ఆమె మాట వినుంటే ఈ కథే లేదు.

ఆఖరి రోజు అగ్నిమాపక శాఖ నుంచి ఒక సారు వచ్చాడు. మంటలార్పే ఎర్ర సిలిండరు బల్ల మీద పెట్టి, గంభీరంగా మొదలుపెట్టాడు. "అన్నిటికన్నా ముఖ్యమైన సంగతి ముందు చెబుతాను, జాగ్రత్తగా వినండి..."

సరిగ్గా అప్పుడే గుమ్మం దగ్గర ఎవరో మెల్లగా, "టీ వచ్చింది" అన్నారు.

చెప్పాలా? నేను గుమ్మం దగ్గరున్నాను. పళ్ళెం నా చేతుల్లో ఉంది. వరస వరసకూ తిరిగి, చక్కెర వద్దన్నవాళ్ళకు వేరేగా ఇచ్చి, ఖాళీ గ్లాసులు తీసి, చెయ్యి కడుక్కుని వచ్చి కూర్చునేటప్పటికి సారు ముగింపులో ఉన్నాడు. "పిన్ను లాగాలి. గొట్టం మంట మొదట్లోకి పెట్టాలి. పిడి నొక్కాలి. అంతే!"

ఓస్, ఇంతేనా అనుకున్నాను. అయినా అనుమానం తీరక మస్తానమ్మను అడిగాను. "మొదట్లో ఏందో ముఖ్యమైనదని చెప్పినాడే, ఏందమ్మా అది?"

"ఏందో గాలి గాలి అన్నాడన్నా. నాకు కునుకు పట్టింది. ఫ్యాను వేయమన్నాడేమో."

నేను లేచి ఫ్యాను వేసి వచ్చాను.

సంచీతో, సర్టిఫికెట్టుతో ఊళ్ళో దిగాను. కొత్త బిచ్చగాడు పొద్దెరగడంటారు. కొత్తగా ట్రైనింగయినవాడు మనిషినే ఎరగడు. వంటగదిలోకి పోయి, మధ్యాహ్న భోజనం వండే కోటమ్మక్కకు పొయ్యి ఎట్లా వెలిగించాలో చెప్పాను. ఆమె గరిటె అడ్డంగా పట్టుకుని నన్ను ఎగాదిగా చూసింది.

"నువ్వు పుట్టినప్పుడు మీ అమ్మకు బాలింత కాయం వండిపెట్టింది నేనేరా అబ్బయా. పో, పోయి గంట కొట్టుకో."

నేనేం తగ్గలేదు. ఎవరు బీడీ ముట్టించినా పక్కన నిలబడి ఉపన్యాసం ఇచ్చాను. మా వీధిలో దీపం వెలిగించాలన్నా ఆడవాళ్ళు ముందు నేను కనుచూపు మేరలో ఉన్నానేమో చూసుకునేవాళ్ళు.

ఇంతలో మేడం మళ్ళీ పిలిచింది. "పెంచలయ్యా, వచ్చేవారం పెద్ద ఆఫీసరు గారు మన బడి చూడటానికి వస్తున్నారు. శిక్షణ పొందినవాళ్ళు ఏం నేర్చుకున్నారో కళ్ళారా చూడాలట. మంట ఆర్పి చూపిస్తావా?"

"కొండకు నిప్పు పెట్టినా ఆర్పేస్తాను మేడం."

"కొండ వద్దులే. చిన్న మంట చాలు. నీ రికార్డ్ అసిస్టెంటు ప్రమోషను కాగితం ఆయన దగ్గరే ఉంది. ఆయన మెచ్చుకుంటే పని అయిపోయినట్టే."

ఆ మాట సుజాతతో చెప్పడం నా రెండో తప్పు. ఆమె ఆ సాయంత్రమే అందరికీ స్వీటు పంచింది.

ఆ రోజు రానే వచ్చింది. మేడం కొత్త పట్టుచీర కట్టుకుంది. కోటమ్మక్క అతిథుల కోసం ప్రత్యేకంగా మామిడికాయ వేసి బొమ్మిడాయిల పులుసు పెట్టింది. వరండాలో బల్ల మీద దాని గిన్నె. ఆ వాసనకు లెక్కల అయ్యవారు ఒకే లెక్కను రెండు రకాలుగా తప్పు చేశాడని పిల్లలు చెప్పారు.

ఏర్పాట్లన్నీ నావే. ఎండ బాగా ఉంది. మా ఊళ్ళో మధ్యాహ్నానికి సముద్రం మీదినుంచి చల్లగాలి లేస్తుంది. ఆఫీసరు గారికి ఆ గాలి మొహానికి తగలాలని, కుర్చీలు వరండా ముందు తూర్పు ముఖంగా వేశాను. ఆయన కూర్చోగానే, "ఆహా, ఏం గాలయ్యా!" అన్నారు. నా ప్రమోషను సగం వచ్చేసిందనుకున్నాను.

ఆయనకు ఎదురుగా పాత ఇనప బాణలిలో ఎండు తాటాకులు వేసి ఉంచాను. ఇప్పుడు నేను ఎక్కడ నిలబడాలి? ఇటు నిలబడితే పెద్దవాళ్ళకు వీపు చూపించినట్టవుతుంది. మర్యాద కాదు. కాబట్టి బాణలికి అవతల, సముద్రానికి వీపు పెట్టి, ఆఫీసరు గారికి ఎదురుగా, వినయంగా నిలబడ్డాను. అర్థమైంది కదా? నా వెనక గాలి. నా ముందు మంట. మంట వెనక ఆఫీసరు గారు. ఆయన వెనక పులుసు. ఒకే వరసలో, తాడు పట్టి కొలిచినట్టు!

బేస్తవాళ్ళ ఇంట్లో పుట్టినవాణ్ణి, గాలి ఎటు తోలుతుందో అడగకుండా మా నాయన ఒక్కనాడైనా పడవ దించలేదు. ఆయన కడుపున పుట్టి నేను చేసిన నిర్వాకం అది.

అగ్గిపుల్ల గీశాను. తాటాకులు భగ్గుమన్నాయి. పొగంతా పోయి అతిథుల మొహాన కొట్టింది.

"పెంచలయ్యా, పొగ!" అని మేడం దగ్గింది.

"అయిపోయింది మేడం, ఇప్పుడే ఆర్పేస్తా!"

"ఆర్పడం కాదు, అటు..."

మిగతా మాట దగ్గులో కలిసిపోయింది. వంటగది గుమ్మంలోంచి కోటమ్మక్క కేకపెట్టింది. "ఒరేయ్ అబ్బయా, గాలి! గాలిరా!"

'ఫ్యాను బయటెక్కడ ఉంటుంది ఈమె మొహం' అనుకున్నాను. మా బడి ఎర్ర సిలిండరు ఎత్తి పిన్ను లాగాను. గొట్టం గురిపెట్టాను. పిడి నొక్కాను.

బుస్స్‌మంది! మంట ఆ క్షణమే చచ్చింది. నేను దాన్ని చూడలేదు. భయంతో నా వేళ్ళు పిడికి అతుక్కుపోయాయి. ఆపడం ఎట్లాగో నాకు ఎవరూ చెప్పలేదు, చెప్పినా నేను టీ ఇస్తూ ఉండి ఉంటాను. సిలిండరు లోపలి తెల్లపొడినంతా చివరి చిటికెడు దాకా కక్కింది. తెల్లటి మేఘం ఒకటి లేచి, సముద్రపు గాలి వీపు తట్టి పంపితే, తాపీగా వెళ్ళి వరండా మీద కూర్చుంది.

మేఘం తేలిపోయాక చూశాను. ఆఫీసరు గారు విభూతి అభిషేకం చేసిన విగ్రహంలా ఉన్నారు. మీసం ఎక్కడుందో మూతి ఎక్కడుందో తెలియలేదు. మేడం పట్టుచీర రంగు ఏదో దేవుడికి తెలియాలి. ఉప్పు సరిపోయిందో లేదోనని కోటమ్మక్క అంతకు ముందే మూత తీసి ఉంచిన పులుసు మీద మల్లెపువ్వులాంటి తెలుపు. అందరూ పిండిలో పడ్డ ఎలుకలే! అంతమందిలో ఉతికి ఇస్త్రీ చేసినట్టు శుభ్రంగా ఉన్నవాణ్ణి నేనొక్కణ్ణే.

పిల్లలకు ఇదంతా కార్యక్రమంలో భాగమేమో అనిపించింది. చప్పట్లు కొట్టారు.

ఆఫీసరు గారు కళ్ళజోడు తీశారు. రెండు గుండ్రటి మచ్చలు మాత్రం ఆయన అసలు రంగులో బయటపడ్డాయి. ఆ మచ్చల్లోంచి నన్ను చూశారు.

"నీకు శిక్షణ ఎవరిచ్చారయ్యా?"

"మీరే పంపించినారు సార్."

"గాలి పోయే వైపు మనుషులు ఉండకూడదని అక్కడ చెప్పలేదా?"

నాకు అప్పుడు వెలిగింది. ఫ్యాను కాదు! ప్రమోషను, సుజాత పంచిన స్వీటు, అన్నీ కళ్ళముందు తెల్లగా తిరిగాయి.

"చెప్పే ఉంటారు సార్. అప్పుడు నేను... టీ ఇస్తా ఉండాను."

"ఎవరికి?"

"ట్రైనింగుకు వచ్చినోళ్ళకి సార్."

"నువ్వూ ట్రైనింగుకు వచ్చినవాడివే కదా?"

"టీ వచ్చిందన్నారు సార్. కాళ్ళు ఆగలా."

ఆఫీసరు గారి భుజాలు కదిలాయి. ఏడుస్తున్నారేమోనని భయపడ్డాను. నవ్వుతున్నారు! నవ్వే కొద్దీ ఆయన మీదినుంచి పొడి రాలుతోంది, రాలే కొద్దీ తుమ్ములు, తుమ్మే కొద్దీ మళ్ళీ నవ్వు. మేడం కూడా చీర దులుపుకోవడం మానేసి నవ్వింది. కోటమ్మక్క మాత్రం నవ్వలేదు. పులుసు గిన్నె వంక చూసి, నా వంక చూసి, ఏ గరిటె బరువుగా ఉందా అని వెతుకుతోంది.

ఆ పూట అతిథులు పిల్లలతో కలిసి సాంబారన్నం తిన్నారు. వెళ్ళేముందు ఆఫీసరు గారు మేడంతో ఏదో గుసగుసగా చెప్పి, నా వంక చూసి, ఒక తుమ్ము తుమ్మి కారెక్కారు. ఆ తుమ్ముకు అర్థమేమిటో తెలియక నాకు చాలా రోజులు నిద్ర పట్టలేదు. సుజాత వీధిలోకి వెళ్ళడం మానేసింది.

తర్వాత ఆర్డరు వచ్చింది. మేడం చదివి వినిపించింది. రికార్డ్ అసిస్టెంటుగా ప్రమోషను! నేను ఎగిరి గంతేశాను.

"ఆగు, పూర్తిగా విను. పోస్టింగు మనుబోలు."

"మనుబోలా? సముద్రమే కనపడదే అక్కడ! ఎందుకు మేడం అంత దూరం?"

మేడం నవ్వు ఆపుకోలేకపోయింది. "నేనూ అదే అడిగాను. 'మనిషి మంచివాడు, సేవాభావం ఉంది, పైకి రావాల్సినవాడే. కానీ గాలి తక్కువగా ఉండే ఊరు చూసి వేశాను' అన్నారు."

కాబట్టి ఈ మనుబోలు హైవే పక్కన నిలబడి, పోయే లారీల సాక్షిగా, వచ్చే బస్సుల సాక్షిగా, నిండు మనసుతో ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట పుట్టినరోజు కేకు మీది కొవ్వొత్తి ఆర్పాల్సి వచ్చినా సరే, ముందు గాలి ఎటుందో చూసి, ఎదురుగా ఉన్నవాళ్ళను లేపి పక్కకు పంపి, వాళ్ళలో ఆఫీసర్లు ఎవరూ లేరని రూఢి చేసుకున్నాకే, మెల్లగా, చాలా మెల్లగా ఊదుతాను.