ఎక్కువ రాయించిన ఏడాది

విడవలూరు దగ్గర సముద్రం ఒడ్డున మా ఊరు. రోజూ చేపల గంపతో ఊళ్లు తిరిగేదాన్ని. ఇంట్లో చూసుకునే దిక్కులేక, నాలుగేళ్ల మా లావణ్యను ఐదేళ్లదని చెప్పి బడిలో వేశాను.

ఆ పిల్లే పెద్దయ్యాక అంతర్జాతీయ జూనియర్ బ్యాడ్మింటన్ పోటీలకు ఎంపికైంది. బయల్దేరే ముందు కాగితాలు చూసిన ఆఫీసరు, "వయసు దాటిపోయిందమ్మా, ఆడేదానికి లేదు" అన్నాడు.

"ఏడాది ఎక్కువ రాయించింది నేనే సార్! పిల్ల చిన్నదే" అంటూ కాళ్లావేళ్లా పడ్డాను.

"అప్పుడు అబద్ధం చెప్పినావు. ఇప్పుడు చెప్పేది నిజమని ఎట్ట నమ్మేదమ్మా?"

తిరుగు బస్సులో రాకెట్ ఒళ్లో పెట్టుకుని లావణ్య అడిగింది. "నేను నిజంగా ఏ రోజు పుట్టినానమ్మా?"

జోరున వాన కురిసిందని మాత్రం చెప్పగలిగాను. తేదీ నాకే గుర్తులేదు.