అవోరీత అంటే ఎప్పుడు?

గాలివానకు నెరేయిదా ఇంటి వెనక మామిడిచెట్టు నడిమికి చీలింది. చీలిన సగం ఆమె రేకుల కప్పు మీదికి వంగింది. పగులు ఊపిరి తీస్తున్నట్టు తెరుచుకుంటూ మూసుకుంటూ ఉంది. శాంతియాగో ఊరి అంచున ఆ కొండవాడకి మెట్లే దారి. క్రేను మాట దేవుడెరుగు, తోపుడుబండి కూడా ఎక్కదు. ఇల్లు నలిగితే మళ్ళీ కట్టుకునే సత్తువ నెరేయిదాకి లేదు. అందుకే మిల్సియాదెస్‌ని పిలిచింది.

చిన్నప్పుడు అతను కొబ్బరికాయలు దింపేవాడు. ఇప్పుడు ఇళ్ళ నెత్తిన వాలిన చెట్లు దింపుతాడు. చీలిన చెట్టును నమ్మక, ముందు దాని పగులుకి తాడు బిగించి, పక్కనున్న మహాగని చెట్టెక్కి నడుముని దానికి తాడుతో కట్టుకున్నాడు. పైకెళ్ళాక అతనికి మాటలు తగ్గిపోతాయి. కింది రేడియో పాట, కాఫీ వాసన, కుక్కల అరుపు, అన్నీ నీళ్ళ అడుగునుంచి తేలి వస్తున్నట్టుంటాయి. కొమ్మ ఊగితే తనూ ఊగుతాడు. కాసేపు ఏది చెట్టో, ఏది ఒళ్ళో తెలీదు.

కింద తాడు పట్టింది నెరేయిదా అల్లుడు విల్మెర్. వెనెజువెలావాడు, ఈ ఊరికి కొత్త. కోసే కొమ్మకి కట్టి మహాగని మీంచి కిందికి వేసిన తాడుని దాని మొదలుకి చుట్లు వేసి పట్టుకున్నాడు. నెరేయిదా ఇంట్లోంచి తన కుట్టుమిషను ఎత్తుకొచ్చి ఎదురింటి అరుగు మీద కూర్చుంది.

పెద్ద కొమ్మ తెగి, కప్పుకి పైన గాల్లో వేలాడింది. దింపేముందు దాన్ని పైనుంచి పెరటివైపు లాగాలి.

"దింపనా మామా?"

"అవోరీత!"

మిల్సియాదెస్ నోట ఆ మాటకి కాసేపాగి అని అర్థం. విల్మెర్ పుట్టిన చోట ఇప్పుడే అని. అల్లుడు తాడు వదిలాడు.

కొమ్మ కలలోలాగా నిదానంగా కప్పు మీదికి దిగసాగింది.

"ఆపరా! ఆపు!"

విల్మెర్ వెనక్కి వాలిపోయాడు. చుట్లు కిర్రుమన్నాయి. రేకుకి జానెడు పైన కొమ్మ ఆగింది. పూత మాత్రం జలజలా రాలి రేకంతా పచ్చబడింది.

నెరేయిదా గుండె మీంచి చెయ్యి తీసింది. "ఏం మరిదీ, పూలు చల్లడానికా ఎక్కావు?"

"నన్నంటావేం వదినా, నీ ముద్దుల అల్లుణ్ణి అడుగు!"

"మీరే కదా మామా ఇప్పుడే అన్నారు!"

"నేనెప్పుడన్నాను ఇప్పుడే అని?"

అరుగు మీద చేరిన ఇరుగుపొరుగులో నవ్వులు రేగాయి. ఇక ఇద్దరూ మాటలు కట్టిపెట్టారు. పైనుంచి ఈలవేస్తే దింపడం, లేకపోతే బిగబట్టడం. కొమ్మ పెరట్లోకి జరిగింది. ఈల వినబడింది. ముక్కలన్నీ అలాగే దిగి, భుజాల మీద మెట్లు దిగిపోయాయి.

పొద్దువాలాక జల్లు పడింది. ఇన్నాళ్ళూ ఆకుల మీద పడి మెత్తబడి వచ్చిన వాన, ఇవాళ సూటిగా రేకు మీద మోగింది. ఎక్కడా చినుకు కారలేదు. నెరేయిదా మిషను దాని చోటికి జరిపింది. కాఫీ కప్పు పట్టుకుని గుమ్మంలో కూర్చున్న మిల్సియాదెస్‌కి ఇల్లే మెల్లగా ఊగుతున్నట్టుంది.