రచయిత ఎత్తు ఐదడుగుల ఎనిమిదంగుళాలు

నా మొదటి పుస్తకాన్ని నేనే నిండు సభలో ఎలా ముంచానో చెబుతాను. మంచినీళ్లు పక్కన పెట్టుకోండి, నవ్వొస్తే పొలమారుతుంది. జాలేస్తే ఇంకా మంచిది, మా గరాజ్‌లో కొన్ని కాపీలు మిగిలే ఉన్నాయి.

అప్పట్లో నేను అమెరికాలో, అరోరాలో హెచ్-వన్ వీసా మీద వారమంతా కోడ్ రాసి, వీకెండ్‌లో కథలు రాసేవాణ్ణి. నా కథ వేసుకున్న ఒక వెబ్ పత్రికవాళ్లు, "రచయితల పేజీలో మీ బయో మీరే పెట్టుకోండి, పాఠకులకు ఉపయోగపడుతుంది" అని మెయిల్ పెట్టారు. బయో అనగానే పెళ్లికాని తెలుగువాడికి ఇంకేం గుర్తొస్తుంది? బయోడేటా! తెనాలిలో నాన్న నాకు సంబంధాలు చూస్తూ, అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ పంచుతున్న సరుకే. కాపీ కొట్టి పేస్ట్ చేసేశాను. పాఠకులు రచయిత నక్షత్రం దాకా వెళ్తున్నారంటే సాహిత్యం ఎంత లోతుకు దిగిందో అని మురిసిపోయాను కూడా.

తర్వాత పెళ్లయింది. శిరీష వచ్చింది. పుస్తకమూ వచ్చింది. పేజీ మాత్రం బ్రహ్మచారిగానే ఉండిపోయింది.

"ఏవండీ, నెట్‌లో మీకేదో పేజీ ఉందన్నారుగా, పుస్తకం ఎక్కడ దొరుకుతుందో అందులో పెట్టారా?" అని శిరీష అడక్కపోలేదు.

"రచయిత పని రాయడం. పేజీలు తుడుచుకుంటూ కూర్చోవడం కాదు" అన్నాను, గడ్డం పైకెత్తి. ఆ వయసులో నా గడ్డం తరచూ పైకి లేచేది.

ఇంతలో పుస్తకాల అట్టపెట్టెలు గరాజ్ నిండిపోయి, కారు చలికాలమంతా బయట మంచులో నిలబడింది. చివరికి మా తెలుగు సంఘంవాళ్లు సాహిత్య సాయంత్రంలో నాకు పది నిమిషాలిచ్చారు. చదివేవాళ్లందరూ ఒకేచోట దొరికే రోజు అదొక్కటే. అది చెయ్యిజారితే పుస్తకాన్ని గరాజ్‌లోని ఎలుకలకు అంకితమివ్వాల్సిందే.

సభ నడిపే మురళిగారు ముందురోజు ఫోన్ చేశారు.

"మీ ఇంట్రడక్షన్ నాలుగు ముక్కలు పంపిస్తారా?"

"నెట్‌లో నా పేజీ ఉందండీ, ప్రింట్ తీసుకోండి."

"ఎక్కడన్నా ట్రిమ్ చెయ్యమంటారా?"

"అక్షరం కూడా మార్చొద్దు సార్. చాలా ఆలోచించి రాసింది."

ఆలోచించి రాసింది నాన్న. ఆ సంగతి నాకు గుర్తు లేదు. మురళిగారేమో మాట మీద నిలబడే మనిషి.

మర్నాడు ఆయన మైకు ముందు కళ్లజోడు సర్దుకుని మొదలెట్టారు. "నేటి మన రచయిత ఎత్తు ఐదడుగుల ఎనిమిదంగుళాలు. చామనఛాయ. రోహిణీ నక్షత్రం."

ఎవరో కిసుక్కుమన్నారు. ఆపమని రెండు చేతులూ ఊపాను. ఉత్సాహపరుస్తున్నానని ఆయన అనుకున్నారు.

"హెచ్-వన్ ఉంది, గ్రీన్‌కార్డ్ ప్రాసెస్‌లో ఉంది. దురలవాట్లు లేవు. హెచ్-ఫోర్ డిపెండెంట్ వీసా మీద రావడానికి ఇష్టపడే, అణకువ గల, ఎదురు మాట్లాడని అమ్మాయి కావలెను!"

'కావలెను' దగ్గర గొంతు పెంచారు కూడా. హాలు హాలంతా పగలబడి నవ్వింది. మైకు స్టాండు వెనక దాక్కుందామనుకున్నాను గానీ, ఐదడుగుల ఎనిమిదంగుళాల మనిషికి అది కుదిరే పని కాదు. వెనక పుస్తకాల బల్ల దగ్గర నిలబడ్డ శిరీష మాత్రం నవ్వలేదు. పుస్తకం పోయిందన్న బాధ కంటే ఆమె ముఖం చూశాక పుట్టిన భయమే ఎక్కువ.

ఆ పది నిమిషాలూ ఏం మాట్లాడానో దేవుడికే తెలియాలి. దిగేసరికి బల్ల ముందు పెద్ద క్యూ! ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. ఇంటి సంగతి తర్వాత, ముందు రచ్చయినా గెలిచాం కదా అని పెన్ను తీసి పరిగెత్తాను. మొదట నిలబడ్డ ఆంటీ పుస్తకం వైపు చూడనే లేదు.

"బాబూ, మా తోడికోడలి కూతురు శాన్ రామన్‌లో జాబ్ చేస్తోంది. నీ జాతకం మెయిల్ చేస్తావా? గ్రీన్‌కార్డ్ ఏ స్టేజ్‌లో ఉందీ?"

నేను నోరు తెరిచేలోగా శిరీష చల్లగా అందుకుంది. "ఆ సరుకు అయిపోయింది ఆంటీ. ఉన్న ఒక్క పీసూ నేనే తీసుకున్నాను. రిటర్న్ పాలసీ కూడా లేదట. పుస్తకాలైతే ఉన్నాయి, ఎన్ని ఇమ్మంటారు?"

ఆంటీ నాలుక్కరుచుకుని ఒకటి కొన్నారు. వెనకున్నవాళ్లు పడీపడీ నవ్వుతూ తలా ఒకటి తీసుకున్నారు. సంతకాలు మాత్రం శిరీషనే అడిగారు.

"ఎదురు మాట్లాడని అమ్మాయి కావలెనా?" అంది కారెక్కాక.

"అది నాన్న రాశారు."

"పాపం మామయ్యగారు! ఇక నుంచి నేను రాస్తాలెండి."

ఇంటికి వెళ్తూనే కూర్చుని పేజీ మార్చేసింది. పుస్తకం పేరు, ఎక్కడ దొరుకుతుంది, ముందుగా ఏ కథ చదవచ్చు, అన్నీ పెట్టింది. చివర్న ఒక వాక్యం: 'రచయితకు ఎదురు మాట్లాడే భార్య కలదు.' పాత బయోలోంచి ఎత్తు ఒక్కటైనా ఉంచమని బతిమాలాను.

"అదీ అబద్ధమే. పెళ్లిచూపుల్లోనే మా అన్నయ్య పక్కన నిలబెట్టి చూశాం. ఏడే!" అంటూ తీసేసింది.

కాబట్టి పాఠకులారా, ఐదడుగుల ఏడంగుళాల ఎత్తు గల నేను, బయో అడిగినచోట బయోడేటా పెట్టనని, నా జీవితంలో ఏది మారినా ముందు పేజీ మార్చి ఆ తర్వాతే దాన్ని అనుభవిస్తానని ఇందుమూలంగా ప్రమాణం చేస్తున్నాను. మాట తప్పుతానన్న భయం అక్కర్లేదు. పాస్‌వర్డ్ శిరీష దగ్గరుంది.