మా అత్త ఫోను ఎత్తే పద్ధతి

పట్టుగుడ్డ సంచి ముడి విప్పగానే ముందు కర్పూరం వాసన వచ్చింది. దాని వెనకే, ఇంకా నీళ్ళు తగలని కొత్త పట్టుకుండే వాసన. లోపల మా అత్త ఫోను. చిన్నది, నల్లనిది, మీటల మీద అంకెలు సగం అరిగిపోయాయి. అప్పుడప్పుడు దాన్ని రీఛార్జి చేయించి, ఛార్జింగులో పెట్టి, ఆన్ చేసి, మూడో నంబరు మీట నొక్కుతాను. లోపలి ఆడగొంతు ‘మూడు’ అని తెలుగులో పైకి చదువుతుంది. ఈ ఉదయం హిందూపురంలో మా ఇంటి వరండాలో ఆ గొంతు పలికినప్పుడు, నాకు తెలియకుండానే నా వీపు కుర్చీని వదిలి నిటారుగా నిలిచింది. మా అత్త ఎదుట ఆనుకుని కూర్చున్నవాళ్ళు లేరు.

అత్త అంటే మా నాయన చెల్లెలు, రుక్మిణమ్మ. పెనుకొండకు దగ్గరలోని ఒక పల్లెలో మా ఇంటి పేరు చెబితే బస్సు ఆగే కాలం ఒకటుండేది. పొలాలు పోయాయి, ఇల్లు పోయింది. ఎట్లా పోయాయో చెప్పుకుని జాలి పొందే అలవాటు మా ఇంట్లో ఎవరికీ లేదు, నాకూ లేదు. నాయన హిందూపురం చేరాడు. నేను అక్కడే ఒక కాలేజీ ఆఫీసులో పనిచేస్తున్నాను. అత్త మాత్రం, భర్త పోయాక, ఎవరి ఇంటికీ వెళ్ళలేదు. ధర్మవరంలో మగ్గాల చప్పుడు ఆగని ఒక వీధిలో మేడమీది రెండు గదులు అద్దెకు తీసుకుంది. నేతగాళ్ళ దగ్గర చీరలు తెచ్చి, ఎరిగిన కుటుంబాలకు అమ్మేది. మెడ వంచి అమ్మలేదు. చీర చూపించేటప్పుడు నేలమీద తెల్లగుడ్డ పరిచి, ఒక దేవతను దించినట్టు దించేది. కొనేవాళ్ళే కాస్త వంగేవారు.

నాయనకు ఇది మింగుడు పడలేదు. ఆ ఇంటి ఆడపడుచు వేరే ఊళ్ళో ఒంటరిగా ఉండడమేమిటని ఆయన బాధ. ఒకసారి అత్త మెట్ల మీద కళ్ళు తిరిగి కూలబడిందని, ఆ కబురు తనకు మర్నాటికి గాని చేరలేదని తెలిశాక, ఆయన ఒక షరతు పెట్టాడు.

“ఫోను పెట్టుకో పాపా. నేను చేస్తే పలకాల. ఆ ఫోనుతో ఎవుడన్నా నిన్ను మోసం చేసినాడని తెలిసిందంటే, ఇంక మాట్లేదు. పెట్టె సర్దుకోని హిందూపురం రావాల్సిందే.”

“వస్తా లే అన్నా. మోసపోయిన రోజు కదా?” అంది అత్త. “అంతవరకు ఈ మాట ఎత్తకూడదు.”

అలా ఆమె రెండు గదులూ, ఆమె స్వతంత్రమూ, ఇంకా కొనని ఒక ఫోను మీద ఆధారపడ్డాయి.

కొనే పని నామీద పడింది. టచ్ ఫోను తెస్తానంటే ఒప్పుకోలేదు. “వేలు తగిలితేనే ఉలిక్కిపడే వస్తువు నాకొద్దబ్బీ. గట్టిగా నొక్కితేనే కదలాల,” అంది. హిందూపురం బజారులో మీటల ఫోను ఒకటి కొని, పెనుకొండ మీదుగా ధర్మవరం బస్సెక్కాను. అత్త చీరలు చూపించే తెల్లగుడ్డనే పరిచింది. చేతులు కడుక్కుని, తుడుచుకుని, నా ఎదురుగా కూర్చుంది. వెనక మూత గోటితో తీశాను. మూల కత్తిరించినట్టుండే సిమ్మును దాని గాడిలోకి తోసి, పైన బ్యాటరీ పెట్టి, మూత బిగించాను. ముందు నిండా ఛార్జింగు ఎక్కాలన్నాను. ఛార్జింగులో ఉండగా చెవి దగ్గర పెట్టుకోవద్దనీ, తడిచేత్తో తాకవద్దనీ చెప్పాను. అత్త ప్రతిదానికీ తలూపలేదు. అర్థమైనప్పుడే ఊపింది.

భాష తెలుగుకు మార్చి, తేదీ, సమయం సరిచేసి, మగ్గాల చప్పుడులోనూ వినిపించేట్టు గంట శబ్దం పెంచాను. రెండో మీట కాసేపు నొక్కిపట్టుకుంటే నాయనకు, మూడోది పట్టుకుంటే నాకు, నాలుగోది పట్టుకుంటే ఆ వీధి డాక్టరుకు పోయేట్టు పెట్టాను. తర్వాత పేర్లు ఎక్కించడం మొదలుపెట్టాను. “లక్ష్మమ్మ,” అని రాయబోతుంటే చెయ్యి పట్టుకుంది.

“ఏ లక్ష్మమ్మ? ఒట్టి పేరు పెడితే ఎట్లప్పా? కొత్తచెరువు లక్ష్మమ్మ పెద్దకోడలు అని పెట్టు.”

“అంత పొడుగు పట్టదత్తా.”

“పట్టకపోతే ఆయమ్మ ఊరు తీసేస్తామా? ఊరు ముందు పెట్టు, మిగిలింది తర్వాత.”

అలా ఆ ఫోనులో మనుషుల కంటే ముందు ఊళ్ళు చేరాయి. కొత్తచెరువు, గోరంట్ల, తనకల్లు. చివరికి తాళం అంకెలు పెట్టమన్నాను. నావైపు వీపు తిప్పి, ఒక్కొక్క మీటా నొక్కుకుంది.

“నాకన్నా చెప్పు. మరిచిపోతే?”

“మరిచిపోను. నువ్వు నా మేనల్లుడివి. నా తాళంచెవివి కాదు.”

ఇక అసలు విషయం చెప్పాను. ఫోనుకు కొన్నిసార్లు మెసేజీలో అంకెలు వస్తాయి, బ్యాంకు ఖాతాకు అవి గేటు తాళం లాంటివి, ఎవరు అడిగినా చెప్పకూడదు, నేను అడిగినా సరే. తెలియని నంబరు ఒక్కసారి మోగి ఆగిపోతే తిరిగి చేయకూడదు. అత్త ఫోనును చేతిలో తిప్పి చూసింది.

“ఫోను చేసినోడు యాడ నిలబడుండాడో మనకు కనపడదు కదా?”

“కనపడదు.”

“అయితే ఇది మా అమ్మ కూచునే అరుగే,” అంది.

మా పాత ఇంటి గేటు ముందు ఒక రాతిమెట్టు ఉండేది. ఎవరు వచ్చినా ఆ మెట్టు మీద ఆగాలి. అరుగు మీద కూర్చున్న మా అవ్వ మూడు మాటలు అడిగేది: ఎవరు, ఏ ఊరు, ఎవరి బిడ్డ. మూడింటికీ జవాబు వస్తే, వచ్చినవాడు కోర్టులో మా మీద వ్యాజ్యం వేసినవాడైనా సరే, “రా, కూచో,” అని మజ్జిగ ఇప్పించేది. జవాబు రాకపోతే తాసిల్దారు టోపీ పెట్టుకుని వచ్చినా మెట్టు దాటనిచ్చేది కాదు. ఇల్లు పడగొట్టినవాళ్ళు ఆ రాతిని ఏ గోడలో కలిపేశారో తెలియదు.

“సరే, కిందికి పోయి చెయ్యి, చూద్దాం,” అంది అత్త.

వీధిలోకి దిగి ఫోను చేశాను. ఎత్తింది. మాట లేదు.

“అత్తా? పలకవేమి?”

“వచ్చింది నువ్వు. ముందు పలకాల్సింది నువ్వు.”

“హలో అన్నా కదా!”

“హలో అనేది పేరా? ఊరా? ఎవురబ్బా నువ్వు?”

పక్కన నూలు కండెలు మోసుకుపోతున్న మనిషి ఆగి చూస్తుండగా, గొంతు సవరించుకుని, నేను ఫలానా అనీ, హిందూపురం నుంచి వచ్చాననీ, మీ అన్న కొడుకుననీ మొత్తం చెప్పాను.

“ఆ. రా, కూచో,” అంది ఫోనులో.

నడివీధిలో నిలబడి, కూర్చోవడానికి నేను నిజంగానే చోటు వెతికాను.

ఈ పద్ధతికి మొదట దెబ్బతిన్నది నాయనే. ఆ వారంలోనే ఆయన ఫోను చేశాడు. గంట ఆగింది, ఎత్తిన చప్పుడు వినిపించింది, తర్వాత మనిషి మాట లేదు. “పాపా, పాపా,” అని అరిచి, మగ్గాల హోరులో ఏమీ వినపడక, చెల్లెలు కూలబడిందనుకుని దొరికిన బస్సు ఎక్కేశాడు. చెప్పులు కూడా రెండూ ఒక జత కావు. మెట్లెక్కి చూస్తే, అత్త గోరంట్ల నుంచి వచ్చిన పెళ్ళివారికి చీర పరిచి చూపిస్తోంది.

“నువ్వు ఎవరో చెప్పలేదు కదన్నా,” అంది.

“నా గొంతు తెలీదా నీకు?”

“గొంతుదేముంది? ఎవుడైనా తెచ్చుకుంటాడు.”

పెళ్ళివారు నవ్వు ఆపుకోలేకపోయారు. నాయన మాత్రం ముఖం ఎర్రబడి, ఇంకొక్క తప్పు, ఇంకొక్కటి, అని వేలు చూపించి వెళ్ళిపోయాడు.

ఆ ఇంకొక్కదాని కోసం ఆయన ఆగలేదు. హిందూపురంలో మా వీధిలోనే, పెద్ద ఉద్యోగం చేసి రిటైరైన ఒకాయన ఫోనులో ఎవరో అడిగితే ఏవో అంకెలు చెప్పి, ఖాతా ఊడ్చిపెట్టుకున్నాడు. “చదువుకున్నోడికే ఆ గతి. మన పాప ఎంత?” అని నాయన నిర్ణయించేశాడు. నాచేత సెలవు పెట్టించి, ఒక సోమవారం ఇద్దరం ధర్మవరం వెళ్ళాం. అత్తను తీసుకుపోవడానికే వెళ్ళాం. నాయన గదిలోకి వచ్చీ రాగానే మంచం కింది ట్రంకు పెట్టెను బయటికి లాగాడు. అత్త చీరలు మడత పెడుతూనే ఉంది.

“నేనింకా మోసపోలేదు కదన్నా.”

“పోయేదాకా ఉండాల్నా?”

అప్పుడు మోగింది ఫోను. తెరమీద ఏ ఊరూ లేదు, ఒట్టి అంకెలే. అత్త స్పీకరు మీట నొక్కి, తెల్లగుడ్డ మీద పెట్టి, ఎప్పటిలాగే ఊరుకుంది.

“హలో? హలో? మేడమ్, బ్యాంకు నుంచి మాట్లాడుతున్నాం. మీ అకౌంటు ఈ రోజు ఆగిపోతోంది. మీ ఫోనుకు ఇప్పుడొక మెసేజ్ వచ్చింది చూడండి, అందులోని నంబరు చెప్పండి, నేను సరిచేస్తాను.”

నిజంగానే ఫోను టింగుమంది. నాయన చేతిలోంచి ట్రంకు మూత జారింది. “అయ్యో, ఆగిపోతాదంట! చెప్పెయ్ పాపా, గబగబా చెప్పెయ్,” అంటూ ఆయనే ఫోను మీదికి వంగాడు. అత్త ఒక చేత్తో ఆయన్ని అడ్డుకుంది.

“ఎవురబ్బా నువ్వు?”

“చెప్పాను కదా మేడమ్, బ్యాంకు ఆఫీసర్ని.”

“అది నీ పని. నీ పేరేంది? యావూరు మీది?”

“హెడ్డాఫీసు మేడమ్. టైము లేదు, తొందరగా...”

“హెడ్డాఫీసు ఊరు కాదు. ఎవురి కొడుకువి?”

వాడు నసిగాడు. మా ఇంటి రాతిమెట్టు మీద నిలబడి తల గోక్కునే మనిషి నా కళ్ళకు కట్టాడు. తర్వాత ఆ గొంతు కటువైంది. కేసు పెడతామంది, పోలీసులు వస్తారంది. నాయన చెప్పెయ్యమని మళ్ళీ సైగ చేశాడు. అత్త వీపు మాత్రం వెదురుబద్దలా నిలిచింది.

“అరవాకప్పా. పెద్దపెద్దోళ్ళే మా మెట్టు మీద మెల్లగా మాట్లాడి పోయినారు. కన్నోళ్ళ పేరు చెప్పలేనోడికి నా ఇంట్లో మజ్జిగ కూడా లేదు. ఇంక నా తాళం ఇస్తానా?”

ఫోను తెగిపోయింది. పెట్టేసింది వాడే.

నాయన నేలమీద కూర్చుని, “నిజంగా బ్యాంకోళ్ళే అయితే?” అన్నాడు.

“అయితే వాళ్ళు యాడికీ పోరు. బ్యాంకు ఆ మలుపులోనే ఉండాది. రా, పోయి అడుగుదాం.”

మంచి చీర కట్టుకుని, పాస్‌బుక్కు తీసుకుని బయలుదేరింది. మేమిద్దరం ఆమె వెనక నడిచాం. బ్యాంకులో కూర్చున్న అమ్మాయి కంప్యూటరు చూసి, ఖాతా నిక్షేపంగా ఉందనీ, బ్యాంకువాళ్ళు ఫోనులో ఆ అంకెలు ఎప్పుడూ అడగరనీ, వచ్చిన నంబరు మీద ఫిర్యాదు ఇచ్చి వెళ్ళమనీ చెప్పింది. “చాలా బాగా చేశారమ్మా,” అని మెచ్చుకుంది.

“నీది యావూరమ్మా?” అంది అత్త.

“తనకల్లు.”

“ఎవరి బిడ్డవి?”

ఆ అమ్మాయి నవ్వుతూ తన తండ్రి పేరు చెప్పింది. “అయితే నువ్వు చెప్పింది నమ్ముతా,” అని అత్త లేచింది.

గదికి తిరిగొచ్చాక నాయన ట్రంకు పెట్టెను తన కాలితోనే మంచం కిందికి తోశాడు. చొక్కా జేబులోంచి తన ఫోను తీశాడు. పెద్దది, ఖరీదైనది, తాళమే లేనిది. మా నాయన జీవితంలో ఎవరి ముందూ చెయ్యి చాపలేదు. ఆ రోజు రెండు చేతులతో ఆ ఫోనును చెల్లెలి ముందు తెల్లగుడ్డ మీద పెట్టాడు.

“వాడు నాకు చేసింటే చెప్పేసిందును పాపా. దీనికీ ఒక తాళం పెట్టియ్యి. ఆ అడగడం కూడా నేర్పియ్యి.”

“నేర్పిస్తా. ముందు ఆనుకోకుండా సరిగా కూచో అన్నా,” అంది అత్త.

హిందూపురం మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. ఆ వీధి ఆడవాళ్ళు కొత్త ఫోనులు పట్టుకుని ఆమె దగ్గరికే వచ్చేవారు. మగ్గాల మధ్య నుంచి “ఎవురబ్బా నువ్వు? యావూరు?” అన్న కేకలు వినిపిస్తుంటే, మా పాత ఇంటి గేటు ఆ వీధికి తరలి వచ్చినట్టుండేది.

అత్త ఆ రెండు గదుల్లోనే, తన మంచం మీదే పోయింది. చివరి రోజుల్లో నేను పక్కన కూర్చుంటే కళ్ళు తెరిచి, “ఎవరు?” అంది. చెప్పాను. “ఏ ఊరు?” పెనుకొండ దగ్గరి మా పల్లె పేరు చెప్పాను. “ఎవరి బిడ్డ?” నాయన పేరు చెప్పాను. అప్పుడు నా చెవిని దగ్గరికి లాక్కుని, తాళం అంకెలు చెప్పింది. మా వంశం నుంచి నాకు దక్కిన ఆస్తి అదొక్కటే. ఆ అంకెలు ఇక్కడ రాయను.

ఈ ఉదయం సంచిలోకి తిరిగి పెట్టబోతుంటే ఫోను మోగింది. తెరమీద ఒట్టి అంకెలు. ఎత్తి, చెవికి పెట్టుకుని, వీపు నిలబెట్టి, ఊరుకున్నాను. అవతల ఎవరో ఊపిరి తీసుకున్నారు. తర్వాత ఒక ఆడపిల్ల గొంతు, నేర్చుకున్న పాఠం అప్పజెప్పినట్టు, తడబడకుండా పలికింది.

“మాది కొత్తచెరువు. లక్ష్మమ్మ పెద్దకోడలి బిడ్డని. ఈ నంబరుకు చేస్తే ముందు ఇట్ల చెప్పాలని మా అమ్మ చెప్పింది.”

ఎదుటి కుర్చీ ఖాళీగా ఉంది. దాన్ని కాస్త ముందుకు జరిపాను.

“రా తల్లీ,” అన్నాను, “కూచో.”